ముప్పై ఎనిమిదేళ్లకు పళ్ళకు క్లిప్పులు: ఏం తినాలి, ఎలా తినాలి

మా అమ్మాయికి క్లిప్పులు వేయిద్దామని తీసుకెళ్లి, నేను కూడా వేయించుకుని వచ్చాను. అప్పటికి నాకు 38 ఏళ్లు. హనుమకొండలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి క్లాసులో పిల్లలు నవ్వుతారేమోనని టెన్షన్ పడ్డాను. వాళ్ళు రెండు రోజుల్లో మర్చిపోయారు. అసలు తిప్పలన్నీ కంచం దగ్గరే.

మొదటి దెబ్బ సంక్రాంతికి తగిలింది. అత్తమ్మ సకినాలు చేసింది. ఒక్కటే కదా అని ముందు పళ్ళతో కొరికాను. టక్కున చప్పుడైంది. విరిగింది సకినమే అనుకున్నాను. నాలుకతో తడిమితే కోరపన్ను మీది బ్రాకెట్, అంటే తీగను పట్టుకోవడానికి పన్నుకు అతికించే చిన్న ముక్క, ఊడి తీగ మీద అటూ ఇటూ జారుతోంది. పండగకు క్లినిక్ మూత. మూడు రోజులు ఆ ముక్క పెదవి లోపల గీరుతుంటే, క్లిప్పులు గుచ్చుకోకుండా వాటి మీద అద్దే మైనంతో నెట్టుకొచ్చాను. ముందు ఆ చోటును టిష్యూతో తుడవండి, తడి మీద మైనం అంటదు. తర్వాత శనగగింజంత తీసి, వేళ్ళ మధ్య నలిపి అద్దండి. డబ్బా ఇంట్లో ఒకటి, హ్యాండ్‌బ్యాగులో ఒకటి ఉంచుకోండి.

ఆ రోజు నుంచి ముందు పళ్ళతో దేన్నీ కొరకను. జామకాయను సన్నగా కోసి దవడ పళ్ళతో నములుతాను. మక్క కంకి అయితే ఉడకబెట్టి గింజలు ఒలుచుకుంటాను. చికెన్ ముక్కను ఎముక నుంచి వేళ్ళతోనే విడదీస్తాను. పల్లీ పట్టీ, ఐస్ ముక్కలు, ఆవకాయలో టెంక ఉన్న ముక్క పూర్తిగా బంద్. నల్లి బొక్కను మా ఆయనకు రాసిచ్చేశాను, అది ఒక్కటే బాధ. సకినాన్ని మాత్రం వదల్లేదు. నాలుగు ముక్కలు చేసి చాయ్‌లో నానబెట్టి చెంచాతో తింటాను. అత్తమ్మ దృష్టిలో అది సకినానికి అవమానం.

నెలకోసారి తీగ బిగిస్తారు. ఆ సాయంత్రం పెద్దగా తెలియదు. మర్నాడు పొద్దున ఇడ్లీ కూడా గట్టిగా అనిపిస్తుంది. రెండు మూడు రోజులు అంతే. అందుకని బిగించే ముందు రోజే వంట సంగతి చూసుకోండి. నాకు బాగా పనికొచ్చింది జొన్న గటక. గ్లాసు జొన్న రవ్వను కాసేపు నానబెట్టి, నాలుగైదు గ్లాసుల నీళ్ళు మరిగాక వేసి, సన్నని సెగ మీద గరిట ఆపకుండా తిప్పుతూ ముద్దగా ఉడికించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపితే నమలాల్సిన పని లేదు. "పండ్లు లేని ముసలోళ్ళ తిండి తింటున్నవేందే" అంటుంది అత్తమ్మ. అంటూనే ఆమె కూడా ఒక గిన్నె తెచ్చుకుంటుంది. ముద్దపప్పు, బీరకాయ కూర, పెరుగన్నం కూడా మంచివే. చెంప లోపల పుండు పడితే మాత్రం పచ్చిపులుసు జోలికి పోవద్దు. చింతపండు, మిరపకాయ కలిసి నిప్పు పెడతాయి.

పసుపు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తీగను బ్రాకెట్‌కు పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగులు కనపడకుండా ఉంటాయని తెల్లటివి పెట్టించుకున్నాను. మామిడికాయ పప్పు తినేసరికి పచ్చబడ్డాయి. ఎంత తోమినా పోదు, మళ్ళీ మార్చేదాకా అంతే. ఇప్పుడు బూడిద రంగువి అడుగుతున్నాను. పసుపు దండిగా వేసే కూరలన్నీ రింగులు మార్చే ముందు రోజుకు పెట్టుకుంటున్నాను.

ఇక చిరుతిళ్ళు. మానాలని మానలేదు, తిన్నాక కడుక్కునే ఓపిక లేక మానేశాను. నాలుగింటికి స్టాఫ్‌రూంలో గుప్పెడు మిక్చర్ తింటే పది నిమిషాలు సింక్ దగ్గరే నిలబడాలి. తీగ కింద ఇరుక్కున్న అటుకును మామూలు బ్రష్ కదిలించలేదు. సీసాలు కడిగే బ్రష్‌ను అగ్గిపుల్లంత చేసినట్టుండే సన్న బ్రష్ కావాలి, మందుల షాపులో దొరుకుతుంది. పుంటికూర పీచుకు, కరివేపాకుకు కూడా అదే దిక్కు. కూల్‌డ్రింకులు కూడా వద్దు. ఆ తీపి, పులుపు బ్రాకెట్ల చుట్టూ నిలిస్తే పన్ను మీద తెల్ల మచ్చలు పడతాయి, క్లిప్పులు తీసినా అవి మిగిలిపోవచ్చు.

దావత్‌లకు మానకుండా వెళ్తున్నాను. బగారా అన్నంలో లవంగాలు, చెక్క ఏరి పక్కన పెట్టి, మటన్ బదులు మెత్తగా ఉడికిన కోడికూర వేయించుకుంటాను. చేతులు కడిగే చోట అద్దం లేకపోతే మా అమ్మాయి, నేను ఒక మూలకు వెళ్లి ఒకరి పళ్ళు ఒకరం చూసుకుంటాం. పోయిన నెల పెళ్ళిలో దాని పళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. నా కోరపన్ను పక్కన కొత్తిమీర ఆకు అట్లాగే ఉంది. అప్పటికే ఫొటోలు దిగడం కూడా అయిపోయింది.