స్పితి లోయలో మంచు చీల్చిన రాళ్లను గుర్తుపట్టడం

హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్తే, కొండవాలు కింద గుట్టపడ్డ రాళ్ల అంచులు చూడండి. పదునుగా ఉంటే పైనుంచి విరిగిపడ్డవి. నునుపుగా, గుండ్రంగా ఉంటే ఏరు దొర్లించినవి. పగుల్లోకి దిగిన నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బి, చీల దిగ్గొట్టినట్టు రాయిని విడదీస్తుంది. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, గడ్డకట్టడం, కరగడం పదేపదే జరగాలి.

ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కాస్త దూరం నుంచే రాళ్లగుట్ట వాలు కొలవండి: సాధారణంగా 30 నుంచి 38 డిగ్రీలు. పెద్ద బండలు అడుగుకు చేరతాయి. వరద తెచ్చిన మేటలోనూ పదునురాళ్లుంటాయి, చాలామంది పొరబడేది ఇక్కడే. అందులో మట్టి ఎక్కువ, వాలు తక్కువ.

పైన కొండరాతి మీద ఇంకా రంగు మారని కొత్త మచ్చ కనిపిస్తే ఈమధ్యే అక్కడ రాయి ఊడినట్టు. ఎండ తగిలి మంచుపట్టు సడలే వేళ దాని కింద నిలబడకండి.