పథకం లెక్క తీయడానికి ఊళ్లోకి పోయే ముందు

2018లో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చారు. పట్టా ఉన్నోళ్లకే, కౌలుదార్లకు కాదు. ఇలాంటి పథకం మేలు చేసిందా అని తేల్చబోయే ముందు ఇవి చూసుకోండి.

• మేలంటే ఎవరికో ముందే కాగితం మీద పెట్టండి. ఎకరా లెక్కన అందరికీ సమానమే. ఇంటి లెక్కన 2 ఎకరాల ఇంటికి 8,000, 20 ఎకరాల ఇంటికి 80,000. ఏ లెక్క పట్టుకున్నా అందులో మీ విలువలున్నాయి. నివేదిక మొదటి పేజీలోనే చెప్పేయండి.

• పాలమూరు ఊళ్లకు వలసల కాలంలో పోతే తాళాలే ఎదురవుతాయి. తాళం చూసి, అరుగు మీద కూర్చున్న పక్కింటాయన్ని అడిగి ఫారం నింపకండి. బొంబాయికో పుణెకో కూలికి పోయిన ఇంటి గొంతే అప్పుడు లెక్కలోంచి పోతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే తప్పు ఇదే. పండక్కి వాళ్లు తిరిగొచ్చినప్పుడు మళ్లీ వెళ్లండి.

• పాసుబుక్కుల జాబితా నుంచే ఇళ్లు ఎంచితే కౌలు రైతు కనబడడు.

• సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ ఊరిని దేవరకొండ మెట్ట ఊరితో నేరుగా పోల్చకండి. ఆ ఏటి వాన కూడా చూడండి.

• ఫలితం చూశాక ప్రశ్న మార్చకండి.