కొరియా అద్దెగదిలో రాత్రంతా ఫ్యాను తిరగాలంటే

విజయవాడలో పుట్టినదాన్ని. సీలింగ్ ఫ్యాను అయిదు మీద పెట్టి, పైన దుప్పటి కప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు. దక్షిణ కొరియాలోని దెజాన్ నగరంలో మొదటి వేసవికి, భోజనం కూడా పెట్టే ఒక హసుక్‌జిప్‌లో, అంటే అద్దె వసతింట్లో, దిగాను. అర్ధరాత్రి చెమటతో లేచి చూస్తే ఫ్యాను ఆగి ఉండేది. చెడిపోయిందనుకున్నాను. మూడో రాత్రి దొంగ దొరికారు: ఇంటావిడే, డెబ్బై దాటిన హల్మొని, అంటే మన మామ్మగారు. మూసిన గదిలో ఫ్యాను వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి ప్రాణం పోతుందని ఆవిడ భయం.

నవ్వకండి. ఈ భయం 1920ల నాటి పత్రికల్లోనే ఉంది. 2006లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ కూడా, ఫ్యాను, ఏసీల వల్ల ఊపిరాడకపోవడాన్ని వేసవి ప్రమాదాల్లో చేర్చింది. ఇక మామ్మగారిని తప్పుపట్టి లాభమేమిటి?

వాదనకూ దిగకండి. ఫ్యాను ఆక్సిజన్‌ను తినేయదని, గదిని చల్లబరచనైనా చల్లబరచదని, ఒంటి మీది చెమటను ఆరబెడుతుందంతేనని బొమ్మ గీసి మరీ చెప్పాను. శ్రద్ధగా విని, వాళ్ళ ఊళ్ళో అలా పోయినాయన సంగతి చెప్పారు. నా బొమ్మ అక్కడితో సరి.

పనిచేసేది కిటికీ. దోమల జాలీ వేసి, అద్దం బెత్తెడు జరపండి. పడుకోబోయే ముందు ఆవిడకు వినబడేలా "చాంగ్మున్ యొరొస్సొయో" అనండి, కిటికీ తీశానని. సగం గొడవ ఆ ఒక్క మాటతో తీరుతుంది. మన ఇళ్ళలో లేని టైమర్ మీట అక్కడి ఫ్యాన్లకు దాదాపు తప్పనిసరి. దాన్ని నిమిషాల అంకెల మీద కాకుండా "యొన్‌సొక్" అన్నచోట పెడితేనే ఆగకుండా తిరుగుతుంది. నేను ఈ సంగతి తెలియక, ఆ తర్వాత టైమర్ ఆపిన రాత్రుల్లో కూడా వారం రోజులు ఆవిడనే అనవసరంగా అనుమానించాను. వేడి 25 డిగ్రీల కన్నా కిందికి దిగని రాత్రులను వాళ్ళు "యొల్‌దెయా" అంటారు. ఆ రోజుల్లో రెక్కలను ముఖం మీదికి కాక కాళ్ళ వైపు తిప్పుకోండి, గొంతు ఎండిపోదు.

అసలు భయపడవలసినవి వేరే ఉన్నాయి. పాత ఫ్యాను మోటారులో దుమ్ము పేరుకుంటే వేడెక్కి అంటుకోవచ్చు. వేసవి మొదట్లోనే ప్లగ్గు తీసి, జాలీ విప్పి తుడవండి. తీగ నలిగి ఉంటే ఆ ఫ్యాను వాడకండి. గది వేడి 35 దాటితే మాత్రం ఫ్యాను మీద ఆశ వదులుకోండి, అది వేడిగాలినే విసురుతుంది. అప్పుడు మామ్మగారిని కూడా ఏసీ ఉన్న గదిలోకి పిలిచి, నీళ్ళు తాగించండి.

ఇంత చేసినా ఏదో ఒక రాత్రి ఆవిడ వచ్చి ఆపుతారు. వెంటనే లేవకండి. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా ఆగి, మొదటి వేగం మీట నొక్కండి. మూడోది మోత ఎక్కువ.