ప్రొపేన్ జనరేటర్‌ని ఇంటికి కలిపే ముందు

మా నాన్న ఒంగోలు దగ్గర లైన్‌మన్‌గా పనిచేశారు. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్‌కి కరెంటు ఆపేశామన్న హామీ) తీసుకున్నాక కూడా ఆయన వెంటనే స్తంభం ఎక్కేవారు కాదు. ఎక్కడి నుంచైనా కరెంటు వస్తే భూమిలోకి పోయేలా ముందు వైర్లకు ఎర్త్ రాడ్ తగిలించేవారు. "ఎవరింట్లో జనరేటర్ తిరుగుతోందో మనకేం తెలుసురా" అనేవారు. అమెరికాలో, హ్యూస్టన్ శివారు కేటీలో నేను ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే జనరేటర్ కొన్న రోజు నాకు గుర్తొచ్చింది ఆ మాటే. అందుకే కనెక్షన్ సంగతి ముందు చెప్తాను, గ్యాస్ సంగతి తర్వాత.

రెండు చివర్లా పిన్నులున్న వైరు చేయించుకుని, ఒక చివర జనరేటర్‌కి, రెండోది ఇంట్లో బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్గులో పెట్టేస్తే ఇల్లంతా కరెంటు వస్తుందని ఇక్కడి మనవాళ్లలో కొందరు చెప్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కసారి మర్చిపోతే చాలు, మీ 240 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెళ్లి, వేల వోల్టులై లైన్ ఎక్కుతాయి. ఇక్కడ చాలా వీధుల్లో అది 7,200 వోల్టులు. తుఫాను తర్వాత ఆ లైన్ మీద ఉండేది మనకోసం వచ్చిన మనిషే. పైగా ఒక చివర ఊడి చేతిలోకి వస్తే ఆ పిన్నుల్లో కరెంటు ఉంటుంది.

సరైన పద్ధతి ఇది. బయట గోడకి జనరేటర్ కేబుల్ బిగించే 30 ఆంపియర్ల ఇన్‌లెట్ బాక్సు, అక్కడి నుంచి ప్యానెల్‌లోని (ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) ప్రత్యేక బ్రేకర్‌కి 10 గేజ్ రాగి వైరు, ఆ ప్యానెల్ మీద ఇంటర్‌లాక్. ఇంటర్‌లాక్ అంటే అరచేయంత రేకు, అంతే. మెయిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ అది జనరేటర్ బ్రేకర్‌కి అడ్డుగా ఉంటుంది. మెయిన్ ఆఫ్ చేస్తేనే రేకు పైకి జరుగుతుంది, అప్పుడే రెండోది ఆన్ అవుతుంది. మన ఊళ్లలో చేంజోవర్ స్విచ్ చేసే పనే ఇది. మీ ప్యానెల్ కంపెనీకీ మోడల్‌కీ సరిపోయేదే కొనండి. పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. జనరేటర్ న్యూట్రల్ దాని బాడీకి కలిసి ఉందో లేదో ఆయన్నే చూడమనండి. అది తేడాగా ఉంటే జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ) మాటిమాటికీ ట్రిప్ అవుతుంది.

2024 జులైలో బెరిల్ తుఫానుకి 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అప్పుడు నేను చేసిన వరుస: మెయిన్ ఆఫ్, మిగతా బ్రేకర్లన్నీ ఆఫ్. కేబుల్ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చాను. ఆ తర్వాత రేకు జరిపి జనరేటర్ బ్రేకర్ ఆన్. ముందు ఫ్రిజ్, అది స్థిరపడ్డాక లైట్లు, ఫ్యాన్లు, కిటికీ ఏసీ. సెంట్రల్ ఏసీ, గీజరు, డ్రయ్యర్ జోలికే పోలేదు. నాన్న ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "మెయిన్ దించావా?"

ఇక గ్యాస్ సంగతి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా పక్కింటాయన జనరేటర్ స్టార్టే కాలేదు. ఏడాదిగా ట్యాంకులో ఉండిపోయిన పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కట్టింది. ప్రొపేన్‌కి ఆ బాధ లేదు, ఎన్నేళ్లున్నా పాడవదు. మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది కాబట్టి హ్యూస్టన్‌లో మైనస్ పది వచ్చినా ఇబ్బంది లేదు. మన వంట గ్యాస్‌లో ఎక్కువగా ఉండే బ్యూటేన్ సున్నా దగ్గరే మొండికేస్తుంది. పవర్ మాత్రం పదోవంతు తగ్గుతుంది: నా డ్యూయల్ ఫ్యూయల్ (పెట్రోలుతోనూ ప్రొపేన్‌తోనూ నడిచే) మిషన్ పెట్రోలు మీద 7,500 వాట్లిస్తే ప్రొపేన్ మీద 6,750.

20 పౌండ్ల సిలిండర్ తక్కువ లోడు మీద దాదాపు పది గంటలొచ్చింది. లోడు పెంచితే సిలిండర్ చల్లబడి, ఒత్తిడి పడిపోయి, ఇంజన్ తడబడుతుంది. జులై ఎండలో కూడా నా సిలిండర్ అడుగున తెల్లగా మంచు పట్టింది. లోడు తగ్గించండి, అంతేగానీ సిలిండర్‌కి సెగ చూపించకండి. వాల్వు మెల్లగా తిప్పాలి. గబుక్కున తిప్పితే లోపలి సేఫ్టీ గ్యాస్‌ని ఆపేస్తుంది, మిషనే చెడిపోయిందని టెన్షన్ పడతాం. బిగించిన ప్రతిసారీ కీళ్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

ప్రొపేన్ శుభ్రంగా మండుతుందని గ్యారేజీలో పెట్టేవాళ్లున్నారు. తలుపు తెరిచి ఉంచినా సరే, వద్దు. దీని పొగలోనూ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. 2021లో ఈ ప్రాంతంలో ఆ విషవాయువుకే ప్రాణాలు పోయాయి. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి ఎదురుగా కాకుండా పెట్టండి. పడకగదుల దగ్గర ఆ వాయువుని పసిగట్టే బ్యాటరీ అలారం ఉండాలి.

కరెంటు వచ్చాక లోడు బ్రేకర్లన్నీ ఆపి, జనరేటర్ బ్రేకర్ ఆఫ్ చేసి, రేకు దించి, ఆపైనే మెయిన్ ఆన్ చేయండి. ఇంజన్‌ని కాసేపు ఖాళీగా తిప్పి, సిలిండర్ వాల్వు మూసేయండి. గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోయి అదే ఆగుతుంది. సిలిండర్‌ని ఇంట్లోకి, గ్యారేజీలోకి తేకుండా బయటే నిలబెట్టి ఉంచండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది.