హైఫై ప్రీ ఆంప్లిఫైయర్‌కు కొత్త వాల్వులు ఎంచుకునే పద్ధతి

ప్రీ ఆంప్లిఫైయర్‌లో, అంటే రికార్డ్ ప్లేయర్ వంటి వాటి నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను మొదట పెంచే పరికరంలో, వాల్వులు (ఆ పని చేసే గాజు గొట్టాలు) మార్చాలనుకున్నవారు సాధారణంగా మొదట అడిగేది ఏ కంపెనీ వాల్వు బాగుంటుందని. అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మార్చబోయే వాల్వు సర్క్యూట్‌లో ఏ స్థానంలో ఉంది, అక్కడ దాని పని ఏమిటి? 1958లో అమెరికాలో వచ్చిన మరాంట్జ్ 7 ప్రీ ఆంప్లిఫైయర్‌లో ఆరు వాల్వులుంటాయి, ఆరూ 12ఏఎక్స్7 రకానివే. అయితే రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే నాలుగైదు మిల్లీవోల్టుల సిగ్నల్‌ను మొదట అందుకునే వాల్వుకు ఉండవలసిన నిశ్శబ్దం, చివర అవుట్‌పుట్ దగ్గర ఉండే వాల్వుకు అంతగా అవసరం లేదు. మొదటి వాల్వులో పుట్టిన ఏ చిన్న బుస అయినా తరువాతి దశలన్నింటిలో పెరుగుతూ స్పీకరు వరకూ వెళ్తుంది. కాబట్టి ఖరీదైన వాల్వు ఒక్కటే కొనగలిగితే దాన్ని ఫోనో విభాగంలోని (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ను అందుకునే భాగం) మొదటి సాకెట్‌కే కేటాయించాలి.

కొనడానికి ముందు తప్పు వాల్వుదేనని నిర్ధారించుకోవాలి. ఎడమ చానల్‌లో చిటపటలు వినిపిస్తున్నాయనుకుందాం. రెండు చానళ్లకూ వేర్వేరు వాల్వులున్న సెట్టయితే, కరెంటు ఆపి, ప్లగ్గు తీసి, వాల్వులు చల్లారాక ఎడమదాన్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకూ మార్చి చూడాలి. శబ్దం కుడి చానల్‌కు మారితే వాల్వు చెడినట్టు. ఎడమలోనే ఉండిపోతే సాకెట్‌నో, రెసిస్టరునో, కెపాసిటరునో అనుమానించాలి. ఒకే గాజు బుడ్డిలోని రెండు ట్రయోడ్లు (సిగ్నల్‌ను విడివిడిగా పెంచే భాగాలు) చెరొక చానల్‌కు పనిచేసే సెట్లు కూడా చాలా ఉన్నాయి, వాటిలో ఈ పరీక్షతో ఏమీ తేలదు. అక్కడ మంచిదని తెలిసిన మరొక వాల్వు పెట్టి చూడడమే మార్గం.

వాల్వు మీద ఉన్న నంబరును అక్షరం తప్పకుండా చూసుకోవాలి. అమెరికా పద్ధతిలో 12ఏఎక్స్7 అన్నదే ఐరోపా పద్ధతిలో ఈసీసీ83. అలాగే 12ఏయూ7 అంటే ఈసీసీ82, 12ఏటీ7 అంటే ఈసీసీ81. ఈ మూడింటికీ పిన్నుల అమరిక ఒకటే, హీటర్ (వాల్వును లోపల వేడిచేసే తీగ) వోల్టేజీ ఒకటే కావడంతో ఒకదాని చోట మరొకటి పెట్టి గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందన్న లెక్క) తగ్గించుకోవచ్చని కొందరు సలహా ఇస్తుంటారు. ఫోనో విభాగంలో ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం. 12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (వాల్వు సిగ్నల్‌ను గరిష్ఠంగా పెంచగల రెట్లు) 100, 12ఏయూ7ది 20 లోపు. రెంటి ప్లేట్ రెసిస్టెన్సులోనూ (వాల్వు లోపలి నిరోధం) చాలా తేడా ఉంది. రికార్డులకు అవసరమైన ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్‌ను (రికార్డు చేసేటప్పుడు మార్చిన బాస్, ట్రెబుల్ పాళ్లను తిరిగి సరిచేసే ఏర్పాటు) ఈ విలువలను బట్టే లెక్కగట్టి ఉంటారు కనుక, వాల్వు రకం మారితే గెయిన్‌తోపాటు బాస్, ట్రెబుల్ పాళ్లు కూడా చెడిపోతాయి. యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 70 ఉన్న 5751 రకాన్ని మాత్రం లైన్ విభాగంలో (ఫోనో తరువాత అవుట్‌పుట్ వైపు ఉండే భాగం) 12ఏఎక్స్7 బదులు వాడి చూడవచ్చు. ఈసీసీ88, అంటే 6డీజే8, కూడా తొమ్మిది పిన్నులదే కాబట్టి ఇదే సాకెట్‌లో చక్కగా దిగుతుంది, కానీ దాని హీటర్ కనెక్షన్ వేరు, వోల్టేజీ 6.3 మాత్రమే. దాన్ని 12ఏఎక్స్7 సాకెట్‌లో ఎన్నడూ పెట్టరాదు.

వాల్వు నాణ్యత విషయంలో వినేవారికి లెక్కకు వచ్చేవి మూడు: బుస తక్కువగా ఉండడం, రెండు ట్రయోడ్ల గెయిన్ దగ్గరగా ఉండడం, మైక్రోఫోనిక్స్ (వాల్వు అదిరితే ఆ అదురు స్పీకరులో శబ్దంగా వినిపించడం) లేకపోవడం. మొదటి రెండింటినీ మంచి విక్రేతలు కొలిచి, ఎంపిక చేసి, కొంత ఎక్కువ ధరకు అమ్ముతారు. ఫోనో స్థానానికి ఆ అదనపు ధర పెట్టవచ్చు, మిగిలిన చోట్ల మామూలు వాల్వు చాలు. మూడోదాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. రికార్డు ఆడించకుండా, వాల్యూమ్‌ను రోజూ వినే స్థాయిలో ఉంచి, పెన్సిల్ వెనుక ఉన్న రబ్బరుతో గాజును మెల్లగా తట్టాలి. మొదటి దశ వాల్వు అయితే స్పీకరులో సన్నగా ‘టక్’మని వినిపించడం సహజం. గంట మోగినట్టు ఆ శబ్దం సాగుతూ ఉంటే మాత్రం, ఆ వాల్వును లైన్ విభాగానికి మార్చి, అక్కడి వాటిలో నిశ్శబ్దంగా ఉన్నదాన్ని ముందుకు తేవాలి. లోపలి ప్లేట్లు పొడవుగా ఉన్న వాల్వులలో ఈ దోషం కొంత ఎక్కువ.

ఇప్పుడు తయారవుతున్న వాటిలో స్లొవేకియాకు చెందిన జేజే, రష్యాలోని సరాతోవ్‌లో తయారయ్యే ఎలెక్ట్రో హార్మోనిక్స్, టంగ్‌సోల్ తేలికగా గుర్తించగల పేర్లు. టంగ్‌సోల్, మల్లార్డ్ వంటి పాత పేర్లు నేటి పెట్టెల మీద కనిపించినా అవి ఆనాటి ఫ్యాక్టరీల సరుకు కావని గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో తయారైన అసలు మల్లార్డ్, జర్మనీ టెలిఫుంకెన్, హాలండ్‌లో తయారైన ఆంపరెక్స్ వాల్వులకు గిరాకీ ఎక్కువ కావడంతో నకిలీలూ ఎక్కువే. గాజు మీది రంగు అచ్చును ఎవరైనా వేయగలరు. అందుచేత అచ్చును వదిలి, గాజు మీద చెక్కినట్టుండే చిన్న కోడును చూడాలి: బ్లాక్‌బర్న్ సరుకుకు అందులో బి అక్షరం, హాలండ్‌లోని హీర్లెన్ సరుకుకు త్రిభుజం గుర్తు ఉంటాయి. టెలిఫుంకెన్ వాల్వులు చాలావాటికి అడుగున పిన్నుల మధ్య గాజులోనే డైమండ్ ఆకారం పోతపోసి ఉంటుంది. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారుచేసింది. పాత రేడియో రిపేరు దుకాణాలలో అవి పెట్టెతో సహా దొరికితే, పరీక్షించి తీసుకోదగినవే.

పాతదైనా కొత్తదైనా వాల్వు పైభాగాన లోపలివైపు వెండిపూతలా మెరిసే గెటర్‌ను తప్పక చూడాలి. అది తెల్లగా పాలిపోయి ఉంటే లోపలికి గాలి చొరబడినట్టే, దాన్ని తిప్పి పంపాలి. అంచులు కొంచెం గోధుమరంగుకు తిరిగినంత మాత్రాన వాల్వు పనికిరాదని అనుకోనవసరం లేదు.

అమెరికా నుంచి తెచ్చుకున్న పాత సెట్టును స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపేవారు కొత్త వాల్వుల మీద డబ్బు పెట్టే ముందు, తెలిసిన మెకానిక్ చేత హీటర్ వోల్టేజీ కొలిపించాలి. మన ఇళ్లలో కరెంటు 240 వోల్టులు దాటిన వేళ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదీ ఆ మేరకు పెరుగుతుంది, 12.6 ఉండవలసిన చోట 14 వస్తుంటే ఎంత మంచి వాల్వు ఆయుష్షైనా తగ్గిపోతుంది. సెట్టు లోపల రెండు మూడు వందల వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. కాబట్టి ఛాసిస్ (భాగాలు బిగించిన లోహపు చట్రం) అడుగున చేయి పెట్టకూడదు. వాల్వును తీసేటప్పుడు గాజును పట్టుకుని, చాలా కొద్దిగా కదుపుతూ నిలువుగా లాగాలి. పెట్టేటప్పుడు పిన్నుల మధ్య ఎక్కువ ఖాళీ ఉన్న వైపును సాకెట్‌లోని ఖాళీకి సరిపెట్టి, పైనున్న గాజు మొన మీద బరువు పడకుండా నొక్కాలి. ఒకేసారి అన్నీ మార్చక ఒక్కొక్కటిగా మార్చి, కొన్ని గంటలు నడిపి, తీసిన ప్రతి వాల్వు పెట్టె మీదా అది ఏ సాకెట్‌లోనిదో, ఎందుకు తీశారో రాసి పెట్టుకోవాలి.