రిటైరయ్యే ముందే చూసుకోవాల్సిన 12 లక్షల గీత

ఒడిశాలోని మా రాయగడలో పక్క వీధి బాబాయిగారు రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. పింఛను నెలకు 70,000. చేతికొచ్చిన డబ్బులో 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో, 39 లక్షలు బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేశారు. రెండూ భద్రమైనవే, ఎవరూ తప్పు పట్టరు. కానీ రిటర్ను వేయడానికి కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తే కూర్చుని లెక్క వేశాం: పింఛను ఏడాదికి 8,40,000, పోస్టాఫీసు వడ్డీ 8.2 శాతం చొప్పున 2,46,000, బ్యాంకు వడ్డీ 7 శాతం చొప్పున 2,73,000, మొత్తం 13,59,000, అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12,84,000. పన్ను, సెస్సు కలిపి 75,504 రూపాయలు. అదే ఆదాయం ఇంకో 84,000 తక్కువుండి సరిగ్గా 12 లక్షల దగ్గర ఆగి ఉంటే కట్టాల్సింది సున్నా. అంటే 84,000 వడ్డీ కోసం 75,504 పన్ను. ఆ మాట విని పిన్నిగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇదెందుకు జరుగుతుందో ముందు అర్థం చేసుకోవాలి. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో (న్యూ ట్యాక్స్ రెజీమ్) పన్ను వేసే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వచ్చి పన్ను మొత్తం పోతుంది. గీత దాటగానే రిబేటు పోయి, 4 లక్షల పైనుంచి శ్లాబుల వారీగా లెక్క మొదలవుతుంది. గీత కొంచెమే దాటినవాళ్లకు మార్జినల్ రిలీఫ్ అని ఒకటుంది, 12 లక్షల మీద ఎంత ఎక్కువొచ్చిందో అంతకు మించి పన్ను వేయరు, కానీ దాని అర్థం ఆ పైన వచ్చిందంతా పన్నుకే పోతుందని. దాదాపు 12,70,000 దాటాక ఆ రిలీఫ్ కూడా ఉండదు. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, రిటైరయ్యాక ఎంత వస్తుందో చూసుకుంటే సరిపోదు, అందులో పన్ను లెక్కలోకి ఎంత వస్తుంది, ఏ ఏడాదిలో వస్తుంది, ఎవరి పేరున వస్తుంది అన్నవి నలభై, నలభై ఐదు ఏళ్ల వయసు నుంచే సర్దుకోవాలి. రిటైరైన రోజు మొదలుపెడితే చేతిలో దారులు చాలా తక్కువ.

అందరికీ ఇంత టెన్షన్ అక్కర్లేదు, అది కూడా చెప్పాలి. జేకేపూర్‌లోనో తేరుబలిలోనో ప్రైవేటు ఉద్యోగం చేసి 58కి రిటైరై, పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 50 లక్షలు వచ్చి, నెలకు అయిదారు వేల పీఎఫ్ పింఛను అందుకునేవాళ్లకు ఆ మొత్తాన్ని ఎక్కడ పెట్టినా వడ్డీ 4 లక్షల చుట్టూనే ఉంటుంది, పన్ను రాదు. వాళ్ల బాధ పన్ను కాదు, టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే బ్యాంకు ముందుగా కోసే పన్ను. సునాబెడ, దామంజోడి లాంటి చోట్ల ప్రభుత్వ రంగ సంస్థల్లో పెద్ద జీతాల మీద పనిచేసినవాళ్లు, భార్యాభర్తలిద్దరూ టీచర్లయినవాళ్లు, సరిహద్దు అవతల పార్వతీపురం, పాలకొండ వైపు స్థలాలున్నవాళ్లు, వీళ్లు మాత్రం కచ్చితంగా లెక్క వేసుకోవాలి.

ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఏటా పన్ను లెక్కలోకి వచ్చే డబ్బు ఒక గడిలో: పింఛను, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, సీనియర్ సిటిజన్ స్కీము వడ్డీ, పోస్టాఫీసు నెలసరి పథకం, ఇంటి అద్దె (అద్దెలో మున్సిపల్ పన్ను పోను 30 శాతం మినహాయింపు ఉంది), ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) నుంచి వచ్చే యాన్యుటీ, అంటే పింఛను. మనం తీసినప్పుడే లెక్కలోకి వచ్చేవి రెండో గడిలో: మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, బంగారం, స్థలం. ఎప్పటికీ లెక్కలోకి రానివి మూడో గడిలో: పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్), రిటైరైనప్పుడు తీసే పీఎఫ్, పరిమితి లోపు గ్రాట్యుటీ, ఎన్‌పీఎస్‌లో 60 శాతం వరకు ఒకేసారి తీసే మొత్తం. మనవాళ్లలో చాలామందికి మొదటి గడి నిండి పొర్లుతుంటుంది, రెండు మూడు ఖాళీ. ఉద్యోగం చేసే పదిహేనేళ్లలో మూడో గడిని నింపుకోవడమే అసలు పని.

మూడో గడిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పీపీఎఫ్. కొత్త పద్ధతిలో పీపీఎఫ్ కట్టినందుకు మినహాయింపు రాదని చాలామంది మానేశారు, అది పొరపాటు. కట్టేటప్పుడు మినహాయింపు లేకపోయినా వడ్డీకి, చివర్లో వచ్చే మొత్తానికి ఇప్పటికీ పన్ను లేదు. ఏడాదికి 1,50,000 చొప్పున పదిహేనేళ్లు కడితే 7.1 శాతం వడ్డీతో 40 లక్షల పైన చేరుతుంది. పదిహేనేళ్లు కాగానే మూసేయక్కర్లేదు, అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఇంకేమీ కట్టకుండా పొడిగిస్తే ఏడాదికొకసారి కావలసినంత తీసుకోవచ్చు. 40 లక్షల మీద 7.1 శాతం అంటే ఏటా 2,84,000, అందులో ఒక్క రూపాయి కూడా 12 లక్షల లెక్కలోకి రాదు. నెల 5వ తేదీ లోపు వేస్తే ఆ నెల వడ్డీ వస్తుంది, ఏప్రిల్ 5 లోపే ఏడాదిది మొత్తం వేసేస్తే ఇంకా మంచిది.

ఇక్కడే భార్య పేరు సంగతి వస్తుంది, దీని మీద మనవాళ్లలో ఉన్నంత అపోహ ఇంకెక్కడా లేదు. భర్త తన డబ్బు 20 లక్షలు భార్య పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఆ వడ్డీ ఆవిడది కాదు, చట్టం దృష్టిలో అది భర్త ఆదాయమే, ఆయన రిటర్నులోనే కలపాలి. కోడలికి ఇచ్చినా అంతే. జాయింట్ అకౌంటు చేస్తే వడ్డీ చెరిసగం అవుతుందని అనుకునేవాళ్లున్నారు, అదీ కాదు, డబ్బు ఎవరిదో వడ్డీ వాళ్లదే. కానీ అదే డబ్బుతో భార్య పేరున పీపీఎఫ్ కడితే వడ్డీకి అసలు పన్నే లేదు కాబట్టి కలిపినా నష్టం లేదు, ఆవిడకు విడిగా 1,50,000 పరిమితి ఉంటుంది. పద్దెనిమిది దాటిన కొడుకు, కూతురు, లేదా మన అమ్మానాన్నలకు ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ మాత్రం వాళ్లదే అవుతుంది, దగ్గరి బంధువులు కాబట్టి తీసుకున్నందుకు కూడా పన్ను లేదు. అయితే ఇచ్చేస్తే నిజంగా ఇచ్చేసినట్టే, రేపు మళ్లీ అడగలేం, కాబట్టి పన్ను కోసం ఎవరూ తమ బతుకుతెరువు డబ్బు పిల్లలకు రాసివ్వొద్దని నేను గట్టిగా చెబుతాను. భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన డబ్బు, కుట్టుపని మీదో ట్యూషన్ల మీదో ఆవిడ సంపాదించుకున్నది పూర్తిగా ఆవిడదే. దాన్ని ఇంటి ఖర్చులో కలిపేయకుండా ఆవిడ పేరున విడిగా అకౌంటులో ఉంచండి, ఖర్చంతా భర్త జీతంలోంచి జరగనివ్వండి. ఇరవై ఏళ్లు ఇలా చేస్తే ఆవిడకు సొంత నిధి, సొంత 12 లక్షల గీత రెండూ ఉంటాయి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు యాజమాన్యాన్ని అడగాల్సింది ఒకటుంది. కొత్త పద్ధతిలో కూడా యాజమాన్యం మీ ఎన్‌పీఎస్‌లో బేసిక్, డీఏ మీద 14 శాతం వరకు వేస్తే దానికి పన్ను మినహాయింపు ఉంది. జీతం అంతే ఉంచి అందులో కొంత ఇలా మళ్లించమని అడగండి. వాలంటరీ పీఎఫ్ (మనంతట మనం పీఎఫ్‌లో అదనంగా వేసుకునేది) కూడా మంచిదే, కానీ మీ వాటా ఏడాదికి 2,50,000 దాటితే దాటిన భాగం మీద వడ్డీకి పన్ను పడుతుంది. రిటైరైన తర్వాత పీఎఫ్ అలా వదిలేయడం కూడా సరికాదు, ఉద్యోగం అయిపోయిన తేదీ తర్వాత జమయ్యే వడ్డీకి పన్ను ఉంటుంది.

ఇప్పుడు బాబాయిగారి దగ్గరికి వద్దాం, ఆయనకు పదిహేనేళ్ల టైము లేదు, రెండో గడి ఒక్కటే దారి. ఫిక్స్‌డ్ డిపాజిట్లలోంచి 13 లక్షలు గడువు తీరగానే తీసి లిక్విడ్ లేదా షార్ట్ డ్యూరేషన్ డెట్ ఫండులో (డబ్బును కొద్దికాలపు బాండ్లు, అప్పు పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండు) వేయమన్నాను. దాంతో 91,000 వడ్డీ లెక్కలోంచి పోయి ఆయన గీత లోపలికి వచ్చేస్తారు. ఫండ్లో పెరుగుదలకు మనం తీసినప్పుడే పన్ను, అదీ తీసినదాంట్లో లాభం భాగానికే. ఉదాహరణకు 20 లక్షలు వేసి ఏడాదిలో 21,40,000 అయిందనుకోండి, అందులోంచి 1,40,000 తీసుకుంటే లాభం కింద లెక్కకొచ్చేది దాదాపు 9,200 మాత్రమే, అదే డిపాజిట్ అయితే 1,40,000 మొత్తం లెక్కకొచ్చేది. మిగిలిన లాభం లోపలే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు పన్నుకు వస్తుంది, కానీ ఏ ఏడాది తీయాలో మన చేతిలో ఉంటుంది. బ్యాంకులా హామీ లేదు, రాబడి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కాబట్టి మొత్తం డబ్బు మాత్రం ఇందులో పెట్టకండి.

ఈక్విటీ ఫండ్లు, అంటే షేర్లలో పెట్టే ఫండ్లు ఉన్నవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో 1,25,000 వరకు ఏటా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. ఈ పన్నుకు 12 లక్షల రిబేటు వర్తించదు! మిగతా ఆదాయం తక్కువే కదా అని రిటైరైన ఏడాది పదేళ్ల ఫండు మొత్తం ఒకేసారి అమ్మేసి, పన్ను చూసి కంగారుపడినవాళ్లు నాకు తెలుసు. ప్రతి మార్చిలో లక్షా పాతిక వేల లాభం వచ్చేంత అమ్మి, కావాలంటే మళ్లీ కొనుక్కోండి, కొనుగోలు ధర పెరిగి రేపటి లాభం తగ్గుతుంది.

స్థలాల సంగతి. ఊళ్లోని సాగుభూమి చట్టం చెప్పే గ్రామీణ వ్యవసాయ భూమి అయితే అమ్మిన లాభానికి పన్నే లేదు. దగ్గర్లోని మున్సిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్ష లోపు అయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలైతే 6, అంతకు మించితే 8 కిలోమీటర్లు దాటి ఉండాలి. హద్దులు పెరుగుతున్నాయి, కాబట్టి అమ్మే ముందు తహసీల్దారు దగ్గర దూరం సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి. టౌన్లో ఇంటి స్థలమైతే పన్ను ఉంటుంది, దానికీ రిబేటు వర్తించదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ఉమ్మడి ఆస్తి అయితే ఒకరి అకౌంటులోకి మొత్తం వేయించుకుని తర్వాత పంచుకోవడం మానండి, రిజిస్ట్రేషన్‌లో ఎవరి వాటా వాళ్ల పేరున, ఎవరి డబ్బు వాళ్ల అకౌంటులోకి. లేకపోతే నోటీసు ఒక్కరికే వస్తుంది.

అయిదేళ్ల క్యుములేటివ్ డిపాజిట్లు (వడ్డీ చివర్లో అసలుతో కలిపి ఇచ్చేవి) చేసినవాళ్లు వడ్డీ చేతికి రాలేదని ఏటా చూపించడం మానేసి, చివరి ఏడాది మొత్తం ఒకేసారి చూపిస్తుంటారు. మా మామయ్య అలాగే చేసి ఆ ఒక్క ఏడాది గీత దాటారు. బ్యాంకు ఏటా టీడీఎస్ లెక్కలో చూపిస్తూనే ఉంటుంది, మీరూ ఏటా చూపించండి.

టీడీఎస్ గురించి త్వరగా. అరవై దాటినవాళ్లకు ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితే 10 శాతం కోస్తారు, అరవై లోపువాళ్లకు 50,000 దాటితే. పన్ను పడదని తెలిస్తే అరవై దాటినవాళ్లు డిక్లరేషన్ (2026 మార్చి వరకు దాని పేరు 15హెచ్) ఇస్తే సరిపోతుంది. కానీ 58కి రిటైరైనవాళ్లు ఇచ్చే డిక్లరేషన్‌కు (పాత పేరు 15జీ) ఇంకో షరతు ఉంది: పన్ను సున్నా అయినా సరే, వడ్డీ మొత్తం 4 లక్షలు దాటితే అది ఇవ్వకూడదు. ఆ రెండేళ్లు టీడీఎస్ కోయనిచ్చి, రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవడమే దారి. 58కే సీనియర్ సిటిజన్ స్కీములో చేరొచ్చు, రిటైర్‌మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల లోపు వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ నంబర్లు, ఫారాల నంబర్లు వేరు, కాబట్టి బ్యాంకులో నంబరు చెప్పకుండా "పన్ను పడదు, టీడీఎస్ కోయొద్దు అని ఇచ్చే డిక్లరేషన్" అని అడగండి.

చివరిగా మన ఒడిశా తెలుగువాళ్లకే ఉన్న చిక్కు, పేర్లు. ఒడియాలో "వ"ని "బ"గా పలుకుతారు కాబట్టి స్కూలు సర్టిఫికెట్లో వెంకటరావు బెంకట్ రావు అయిపోతాడు, వాసు బాసు అవుతాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో చివర, పీఎఫ్‌లో పొడి అక్షరాలు మాత్రమే. పాన్, ఆధార్ లింకు కాక పాన్ పనిచేయకుండా పోతే టీడీఎస్ 10 బదులు 20 శాతం కోస్తారు. రిటైర్‌మెంట్‌కు రెండేళ్ల ముందే పాన్, ఆధార్, పీఎఫ్, బ్యాంకు నాలుగూ ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి, భార్యవి కూడా. బ్యాంకు ఫారాలు ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగు మాత్రమే చదవగలిగే మా అమ్మలాంటివాళ్లు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో తెలియకుండానే పెడతారు. నేను అమ్మ డిపాజిట్ల వివరాలన్నీ, ఏది ఎప్పుడు తీరుతుంది, నామినీ ఎవరు, ఏప్రిల్‌లో ఏ డిక్లరేషన్ ఇవ్వాలి అన్నవి, ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసి ఆవిడ బీరువాలో పెట్టాను. మీ ఇంట్లో కూడా ఈ వారమే రాసి పెట్టండి.