ఇంట్లో వైఫై పెరటి గది దాకా రావాలంటే ఏం చెయ్యాలి?

వైఫై సరిగ్గా రావట్లేదనగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో బూస్టర్ కొనెయ్యడం. కాస్త ఆగండి. చాలా ఇళ్ళల్లో అసలు గొడవంతా రౌటర్ పెట్టిన చోటుతోనే. ఫైబర్ వెయ్యడానికొచ్చిన కుర్రాడు వైరు ఏ కిటికీలోంచి లోపలికొస్తే ఆ కిటికీ పక్కనే తగిలించేసి వెళ్ళిపోతాడు, అతనికి ఇంకో నాలుగిళ్ళు ఉంటాయి మరి. అంటే వీధి గోడకి వేలాడుతుంటుందన్నమాట, సగం సిగ్నల్ రోడ్డుమీదకే పోతుంది, వంటింట్లో వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని పైసా ఖర్చు లేని పనులు ముందు చేసేద్దాం, కొనేవి ఆఖర్న.

మొదట తేల్చుకోవాల్సింది నెట్ స్లోనా, వైఫై వీకా అని. ఈ రెండూ వేరండి. రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చెయ్యండి, ల్యాప్‌టాప్ ఉంటే లాన్ కేబుల్, అంటే రౌటర్‌కి నేరుగా గుచ్చే నెట్ వైరు, పెట్టి చేస్తే ఇంకా నయం. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై ఇస్తాయి. ఫోన్ 2.4 మీదుంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయినా బాగా తక్కువ చూపించొచ్చు, కంగారు పడకుండా 5 మీదకి మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే తప్పు మీ గోడలది కాదు, ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యండి. ఎల్‌ఓఎస్ అని రాసున్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం. బయట కొబ్బరి మట్ట పడి వైరు తెగిందేమో, లోపల బీరువా సందులో మడత పడిందేమో చూడండి, అందులో ఉండేది సన్నటి గాజు పోగు కాబట్టి గట్టిగా వంచితే వెలుతురు అక్కడే కారిపోద్ది.

పక్కన బాగానే వచ్చి పడగ్గదిలో రాకపోతే అప్పుడు వైఫై సంగతి. ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుని తలుపులు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచి గదిగదికీ తిరగండి. మైనస్ 50, మైనస్ 70 అని సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకెలు కనిపిస్తాయి, మైనస్ పక్కన అంకె చిన్నదైతే సిగ్నల్ బాగున్నట్టు. మైనస్ 65 లోపుంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు, 80 దాటితే కట్టయిపోతూ ఉంటుంది. ఆ అంకె 3 పెరిగిందంటే పవర్ సగమైపోయినట్టే, 10 పెరిగితే పదోవంతే మిగిలినట్టు, కాబట్టి చిన్న తేడానే కదా అని వదిలెయ్యకండి. ఓ కాగితం మీద రాసుకోండి, తర్వాత పోల్చుకోడానికి.

ఇప్పుడు రౌటర్ జరపడం, అసలు పని ఇదే. ఇంటికి నడిమధ్యలో, మనిషి తలంత ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండేలా పెట్టాలి. టీవీ వెనకాల, బీరువా మీద, ఫ్రిజ్ పక్కన, చేపల తొట్టి దగ్గర, పెద్ద అద్దం ఎదురుగా పెట్టొద్దు, ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుంది, నీళ్ళు మింగేస్తాయి. మన గోదావరి లంకల్లో, కాలవగట్ల పక్కన ఇళ్ళకి వానాకాలం గోడలు చెమ్మ ఎక్కుతాయి కదా, పొడి గోడ కంటే ఆ తడి గోడ దాటడం సిగ్నల్‌కి కష్టం. పాత మండువా లోగిలి అయితే మీ అంత అదృష్టవంతులు లేరు, మండువా చుట్టూ ఉండే వసారాలో వాన జల్లు తగలని స్తంభానికి పెడితే ఆ ఖాళీలోంచి దాదాపు అన్ని గదుల గుమ్మాలకీ నేరుగా వెళ్తుంది, మందపాటి గోడలతో పని లేదు. డాబా మీద ఇంకో డాబా అయితే మెట్ల దగ్గర పెట్టండి, శ్లాబులో ఊచలుంటాయి గనక సిగ్నల్ మెట్ల సందులోంచే పైకెక్కుతుంది. వైరు చాలదంటారా, ఫైబర్‌ని మీరు లాగొద్దు, ఆపరేటర్ మనిషిని పిలిచి పొడుగు వైరు వేయించుకోండి. ఫైబర్ డబ్బా వేరు, వైఫై రౌటర్ వేరు అయితే డబ్బాని అక్కడే వదిలేసి మధ్యదాకా లాన్ కేబుల్ లాగితే చాలు.

యాంటెన్నాలు నిటారుగా ఉంచితే సిగ్నల్ గారె ఆకారంలో పక్కలకి పరుచుకుంటుంది, పైకీ కిందకీ తక్కువే. మేడ మీదకి కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వాల్చండి.

తర్వాత సెట్టింగులు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్ ఉంటుంది, బ్రౌజర్‌లో కొట్టి లోపలికెళ్ళండి, వెళ్ళిన చేత్తోనే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చెయ్యండి. 5 గిగాహెర్ట్జ్ స్పీడెక్కువ కానీ గోడలు అంతగా దాటలేదు, 2.4 ఇంకాస్త బాగా దాటుతుంది కానీ నెమ్మది, అందుకని రెండింటికీ వేరే పేర్లు పెట్టుకుంటే హాల్లో టీవీకి 5, పెరటి గదికి 2.4 అని మీరే ఎంచుకోవచ్చు. భీమవరం, అమలాపురం అపార్ట్‌మెంట్లలో అయితే పక్కింటి వైఫైలన్నీ ఒకదాని మీద ఒకటి పడుంటాయి, 2.4లో ఒకదాని మీద ఒకటి పడని 1, 6, 11 ఛానెళ్ళలో ఏది ఖాళీగా ఉందో యాప్‌లో చూసి అది పెట్టుకోండి, ఛానెల్ విడ్త్ 20 మెగాహెర్ట్జ్ చాలు.

ఇవన్నీ చేశాక మళ్ళీ అంకెలు చూడండి. అప్పటికీ రాని గది ఉంటే అప్పుడు డబ్బులు తియ్యండి. రిపీటర్, అంటే మొదట చెప్పిన బూస్టరే, కొంటే చాలామంది సిగ్నల్ రాని గదిలోనే పెడతారు, దానికే సిగ్నల్ అందకపోతే అదేం పంచుతుందండీ, సగం దారిలో పెట్టాలి, మామూలు రిపీటర్‌కి స్పీడ్ సగానికి పడిపోద్ది కూడా. నన్నడిగితే లాన్ కేబులే మేలు. క్యాట్ 6 రకం లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, అటక మీద మూలనపడ్డ పాత రౌటర్ ఉంటే దించి యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ని ఆ గదిలో వైఫైగా పంచే డబ్బాగా, వాడేసుకోండి. ఆ మోడ్ అందులో లేకపోతే దాని అడ్రస్ 192.168.1.2 అని మార్చి, ఫోన్లకి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనే సెట్టింగు ఆపేసి, కేబుల్‌ని బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చండి. రెండో రౌటర్‌కి కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టి ఛానెల్ మాత్రం వేరేది ఇస్తే చాలు.

చెరువు గట్టు మీద కెమెరాకి ఇంటి వైఫై లాగాలనుకునేవాళ్ళకి ఒక మాట. దానికి రౌటర్ చాలదు, ఇటొకటి అటొకటి బిగించి మధ్యలో గాలిలోనే నెట్ పంపే బ్రిడ్జి అనే బయటి పరికరాల జత వేరే దొరుకుతుంది, ఒకదానికొకటి సూటిగా కనపడాలి, మధ్యలో కొబ్బరి చెట్లుంటే స్తంభం ఎత్తు పెంచాల్సిందే. సముద్రం దగ్గర అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి లాన్ పిన్నులు చిలుము పడతాయి, జాయింటుకి తడి తగలకుండా డబ్బా బిగించండి. ఆరుబయట లాగిన రాగి కేబుల్‌తో పిడుగు భయం కూడా ఉంది, ఉరుములు మొదలవ్వకముందే కరెంటు ప్లగ్గుతో పాటు ఆ కేబుల్ కూడా పీకెయ్యండి. ఇక కరెంటు పోయినప్పుడు నెట్ ఆగకూడదంటే 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చదువుకోండి, ఫైబర్ డబ్బా వేరుగా ఉంటే రెండింటికీ సరిపోయేది తీసుకోండి.